అటక మీద దొరికిన పాత కార్ పాలిష్ డబ్బాని మళ్లీ వాడుకోవడం ఎలా

పోయిన వేసవిలో గుడివాడలో మా పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద, ఇత్తడి బిందెల వెనక, నాన్న టూల్ బాక్స్ దొరికింది. స్పానర్ల కింద పాత పంచె ముక్కలో చుట్టి రెండు సరుకులు ఉన్నాయి. ఒకటి బాబాయి 1979లో అమెరికా నుంచి వస్తూ తెచ్చిన కార్ వాక్స్ రేకు డబ్బా, ఒక్కసారి కూడా వాడనిది. రెండోది సగం ఖాళీ అయిన పాలిష్ సీసా, లేబుల్ నూనె పట్టి నల్లబడిపోయింది. ఇంట్లో అందరూ చెత్తలో వేసేయమన్నారు. నాకు మనసొప్పలేదు. నాన్న 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని ఇంకా మా షెడ్డులోనే ఉంది, దానికి ఈ కాలం పాలిష్‌లు ఏవి రాసినా నెల తిరక్కుండానే బానెట్ మళ్లీ సుద్ద పూసినట్టు తెల్లబడిపోతోంది. ఆ పెయింట్ కాలంలో, ఆ పెయింట్ కోసమే చేసిన సరుకు చేతికొస్తే వాడి చూడకుండా ఎలా ఉంటాను?

వాడాను, పనిచేసింది. మధ్యలో ఒక తప్పు కూడా చేశాను, అది వచ్చినచోట చెబుతాను. మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఉంటే పారేయకముందు ఈ వరసలో వెళ్లండి.

ముందు డబ్బా చదవండి, మూత తర్వాత

డబ్బా ఏ కాలంనాటిదో తెలిస్తే లోపల ఏముందో సగం తెలిసినట్టే. తారీఖు వేసి ఉండదు కాబట్టి మిగతా గుర్తులు చూడాలి. మన దేశపు డబ్బా అయితే ధర చూడండి. నయా పైసల్లో ఉంటే అది 1957కీ 1964కీ మధ్యది. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. ఊరి పేరు బొంబాయి అనో మద్రాసు అనో ఉంటే 1990ల నడుమకి ముందుది కావచ్చు (బొంబాయి 1995లో, మద్రాసు 1996లో, కలకత్తా 2001లో పేర్లు మార్చుకున్నాయి). అయితే పాత లేబుళ్లు అయిపోయేదాకా అంటించే కంపెనీలు ఉంటాయి, అందుకని ఒక్క గుర్తునే నమ్ముకుని లెక్క తేల్చేయకండి.

అమెరికా డబ్బా అయితే ఐదంకెల జిప్ కోడ్ 1963లో మొదలైంది. బార్‌కోడ్‌ని దుకాణంలో మొదటిసారి స్కాన్ చేసింది 1974 జూన్‌లో, అది అన్ని సరుకుల మీదకీ రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. మా డబ్బా మీద జిప్ కోడ్ ఉంది, బార్‌కోడ్ లేదు, కాబట్టి బాబాయి కొనేసరికే అది షాపులో కొన్నాళ్లుగా ఉన్న సరుకు అయుండొచ్చు. 'వెస్ట్ జర్మనీ' అని ఉంటే 1990కి ముందుది. ఎర్ర అంచు, తెల్ల నేల ఉన్న వజ్రాకారపు ప్రమాద గుర్తులు కనిపిస్తే మాత్రం అది నిన్నమొన్నటిదే, పాత డబ్బా అని ఎక్కువ డబ్బు పెట్టి కొనకండి.

బరువు ఎంత రాసి ఉందో కాగితం మీద రాసుకోండి, తర్వాత దాంతో పని ఉంది. లేబుల్‌ని తడిగుడ్డతో తుడవద్దు, ఆ సిరా ఊడొస్తుంది. ముందుగా ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. నూనె పట్టి నల్లబడ్డ లేబుల్‌ని ఫోటోలో కాంట్రాస్ట్ పెంచి చూస్తే కంటికి కనపడని అక్షరాలు తేలతాయి. మా సీసా మీద 'సిలికోన్' అనే మాట నాకు అలాగే దొరికింది. ఆ ఒక్క మాట ఎంత ముఖ్యమో చివర్లో చెబుతాను.

ఏవి అసలు తెరవకూడదు

స్ప్రే డబ్బా తుప్పు పట్టినా, ఉబ్బినా దాన్ని కదిలించకుండా పక్కన పెట్టేయండి. లోపల ప్రెషర్ ఇంకా ఉండొచ్చు. లేబుల్ లేని ద్రవాల్ని వాసన చూసి కనిపెడదామని ముక్కు దగ్గర పెట్టుకోవద్దు. చాలా పాత క్లీనర్లలో కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడేవారు, తియ్యటి వాసన వస్తుంది, కాలేయాన్ని పాడుచేస్తుంది. అమెరికాలో ఇంటి వాడకం సరుకుల్లో దాన్ని 1970లో నిషేధించారు. అంతకు ముందుదని అనుమానం ఉన్న 'మరకలు తీసే' ద్రవం ఏదైనా సరే మూత తీయకండి, డ్రైనేజీలో పోయకండి. కెమికల్స్ తీసుకునేవాళ్లకి అప్పగించేదాకా బయట నీడలో, పిల్లలకు అందని చోట ఉంచండి.

గట్టి వాక్స్ డబ్బాలతో అంత భయం లేదు. అయినా ఆరుబయటే తెరవండి. అంచు తుప్పుతో పట్టేసి ఉంటే స్క్రూడ్రైవర్‌తో ఒకేచోట బలంగా ఎత్తకుండా చుట్టూ కొంచెం కొంచెం వదులు చేసుకుంటూ రండి, లేకపోతే మూత వంకరపోతుంది, మళ్లీ గాలి చొరకుండా బిగించలేరు.

లోపల ఏముందో పోల్చుకోవడం

ఈ పాత సరుకులు మూడు రకాలు. జనం అన్నింటినీ కలిపి పాలిష్ అంటారు, అక్కడే తప్పు జరుగుతుంది.

మొదటిది క్లీనర్. చచ్చిన పెయింట్ పొరని మెత్తగా రాపాడించి తీసేది. ఇందులో చైనా మట్టి, సిలికా, డయాటమ్ మట్టి లాంటి పొడులు ఉంటాయి, మన షెడ్లలో కాంపౌండ్ అనేది దీని అన్నగారే. రెండోది గ్లేజ్. నూనెలు ఎక్కువ, రాపిడి తక్కువ, ఎండిపోయిన పెయింట్‌కి ప్రాణం పోసేది. మూడోది వాక్స్. పైన కాపలా కాసే పొర. షికాగోలో 1910లో మొదలైన సిమోనిజ్ వాళ్లు క్లీనర్ ఒక డబ్బాలో, వాక్స్ ఒక డబ్బాలో జంటగా అమ్మేవారు. ఆ పేరు ఎంత పాకిందంటే అమెరికాలో కారుకి మెరుగు పెట్టడాన్నే 'సిమొనైజ్' చేయడం అనేవారు. జంటలో ఒక డబ్బానే మీకు దొరికితే అది ఏదో తేల్చుకోకుండా గుడ్డకి అంటించకండి.

వేళ్లతో చూస్తే తెలుస్తుంది. చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. సన్నటి ముగ్గుపిండిలా గరగరలాడితే క్లీనర్. జారిపోతూ వేలికి జిడ్డు వదిలితే గ్లేజ్. ముందు గట్టిగా ఉండి, వేడికి మెత్తబడి, ఆరాక వేలి మీద పొరలా నిలిస్తే వాక్స్. గరగర ఎంత మొరటుదో తెలియాలంటే పనికిరాని పాత సీడీ ఒకటి తెచ్చి, మెరిసే వైపు కొంచెం రాసి పదిసార్లు రుద్ది వెలుతురులో పట్టుకోండి. సన్నటి మసక పడితే పర్వాలేదు, విడివిడిగా గీతలు కనిపిస్తే అందులో పొడి గడ్డలు కట్టిందన్నమాట. అది కారు మీదకి వద్దు.

సీసాల్లోవి విడిపోయి అడుగున మడ్డి, పైన నూనె, నడుమ నీళ్లలా కనిపిస్తాయి. గోరువెచ్చటి నీళ్లలో పావుగంట ఉంచి, అయిదు నిమిషాలు ఊపి, ఆ తర్వాత పాత నైలాన్ సాక్సులోంచి వడకట్టి చూడండి. గంటసేపు కలిసే ఉంటే వాడొచ్చు. పెరుగు విరిగినట్టు మళ్లీ తరకలు తరకలుగా విడిపోతే ఇక ఆశ లేదు. మా సీసా అలాగే విరిగిపోయింది, మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాను.

గట్టిపడ్డ వాక్స్‌ని మెత్తబరచడం

ఇది అన్నిటికంటే ఓపిక కావాల్సిన పని, ఫలితం కూడా ఇక్కడే ఉంది.

పేస్ట్ వాక్స్ అంటే మైనాలు, వాటిని మెత్తగా ఉంచే సాల్వెంట్, అంతే. మైనం అంత తొందరగా పాడవదు. కార్నౌబా మైనం 82 నుంచి 86 డిగ్రీల దగ్గరగానీ కరగదు, తేనెమైనం 62 నుంచి 64 దగ్గర కరుగుతుంది, మామూలు అటక వేడికి వీటికేమీ కాదు. ఏళ్ల తరబడి మూత సందుల్లోంచి ఎగిరిపోయేది సాల్వెంట్ ఒక్కటే. అందుకే ముద్ద కుంచించుకుపోయి, డబ్బా అంచుల్నుంచి విడిపోయి, ఎండిన చెరువు అడుగులా పగుళ్లిచ్చి కనిపిస్తుంది. చూడగానే పాడైపోయిందనుకుని పారేసేది దీన్నే. పోయిందాన్ని తిరిగి కలిపితే చాలు.

(కార్నౌబా ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం. ఆ చెట్లని వెతుక్కుంటూ జాన్సన్ వాక్స్ అధిపతి హెచ్.ఎఫ్. జాన్సన్ జూనియర్ 1935లో సికోర్‌స్కీ ఎస్-38 అనే, నీటి మీదా నేల మీదా దిగే విమానంలో అమెరికా నుంచి బ్రెజిల్ వెళ్లాడు. మన డబ్బాలో ఎండిపోయి కనిపించే ఆ పసుపు ముద్ద వెనక అంత కథ ఉంది.)

ఎంత కలపాలో తూకం చెబుతుంది. మా డబ్బా మీద 8 ఔన్సులు అని ఉంది, అంటే 227 గ్రాములు. ముద్దని చెక్క స్పూనుతో పెకలించి వంటింటి డిజిటల్ త్రాసు మీద, కింద కాగితం వేసి తూస్తే 128 గ్రాములు వచ్చింది. డబ్బా వాడనిది కాబట్టి పోయిన 99 గ్రాములూ సాల్వెంటే. మినరల్ టర్పెంటైన్ నీటికంటే తేలిక, మిల్లీలీటరు సుమారు 0.78 గ్రాములు తూగుతుంది, ఆ లెక్కన 127 మి.లీ. కావాలి. కానీ లెక్క వచ్చింది కదా అని మొత్తం ఒకేసారి పోసేయకండి. నేను 80 మి.లీ. దగ్గర ఆపాను, నెయ్యి పేరుకున్నంత మెత్తదనం వచ్చింది, అంతకన్నా పల్చన చేస్తే గుడ్డకి ఎక్కువ అంటుకుని వృథా అవుతుంది. మీ డబ్బా సగం వాడిందైతే ఈ లెక్క కుదరదు, అప్పుడు చెంచా చెంచా చొప్పున కలుపుతూ చూసుకోవడమే.

ఏం కలపాలి అంటే, పెయింట్ షాపులో ఎనామిల్‌లో కలపడానికి ఇచ్చే మినరల్ టర్పెంటైన్. కిరసనాయిలు వద్దు, అది నిదానంగా ఆరి జిడ్డు వదిలేస్తుంది. థినర్ అసలే వద్దు. నా తప్పు ఇక్కడే జరిగింది. టర్పెంటైన్ అయిపోయి, షెడ్డులో ఉన్న ఎన్.సి. థినర్ (పాత తరహా కారు పెయింట్లని పల్చన చేసేది) చుక్క కలిపితే ఏమవుతుందిలే అనుకుని ఒక చిన్న ముద్దలో కలిపి డిక్కీ అంచున రాశాను, అరనిమిషంలో పెయింట్ బంకలా సాగి గుడ్డకి అంటుకుంది. అర్ధరూపాయి బిళ్లంత మచ్చ ఇప్పటికీ ఉంది. పాత డ్యూకో పెయింట్‌ని కరిగించేదే థినర్, ఆ సంగతి తెలిసి కూడా తొందరపడ్డాను. తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి పెయింటింగ్ చేస్తున్న పెద్దాయనకి చూపిస్తే, "పాత రంగు దగ్గరికి థినర్ పట్టుకెళ్లకూడదు బాబూ, అది రంగుకి అమ్మలాంటిది, పిలవగానే దాంట్లో కలిసిపోతుంది" అన్నాడు.

ఇప్పుడు పద్ధతి. ముద్దని సెనగగింజంత ముక్కలుగా చిదిమి మళ్లీ అదే డబ్బాలో వేయండి. నీళ్లు వంటింట్లో కాచి, పొయ్యి ఆర్పేసి, గిన్నెని పెరట్లోకి తీసుకెళ్లండి. డబ్బాని ఎప్పుడూ పొయ్యి దగ్గరికి తీసుకురావద్దు. మినరల్ టర్పెంటైన్ ఆవిరి 40 డిగ్రీల చుట్టుపక్కలకే నిప్పు అందుకునేంత చేరుతుంది, కాబట్టి దగ్గర్లో దీపం, సిగరెట్, హీటర్, ఏదీ ఉండకూడదు. పొగలు వచ్చే వేడినీళ్లలో డబ్బాని సగం మునిగేలా పెట్టి, ముక్కలు మెత్తబడ్డాక డబ్బా బయటికి తీసి టర్పెంటైన్ ఒక్కో చెంచా పోస్తూ పుల్లతో కలపండి. మళ్లీ నీళ్లలో పెట్టండి. నీళ్లు చల్లారితే మార్చండి. నాకు నాలుగు గిన్నెల నీళ్లు, గంటన్నర పట్టింది. చుక్క నీరు కూడా డబ్బాలో పడకుండా చూసుకోండి. అంతా ఒకే రంగులో, పలుకులు లేకుండా కలిశాక మూత పెట్టి కదపకుండా ఒక రాత్రంతా వదిలేయండి. పొద్దున్న మూత తీస్తే పైన నున్నగా, సన్నగా మెరుస్తూ పేరుకుని ఉంటుంది. వేలితో నొక్కితే గుంట పడి నిలవాలి. అదే కొలత.

మీ కారు పెయింట్ దీనికి తగినదేనా

పాత సరుకు ఎంత గొప్పదైనా అన్ని కార్లకీ కాదు, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఇప్పటి కార్లకి రంగు పొర పైన క్లియర్ కోట్ అని పారదర్శకపు పొర వేరే ఉంటుంది. పాత కార్లకి అది లేదు, రంగే పై పొర. ఎండకీ గాలికీ మసకబారేది రంగే, పాలిష్ చేస్తే మెరిసేదీ రంగే. డూపాంట్ కంపెనీ 1923లో తెచ్చిన డ్యూకో అనే పెయింట్ ఆ రకమే, మన దగ్గర ఆ పేరు ఆ తరహా పెయింట్ మొత్తానికీ స్థిరపడిపోయింది, ఇప్పటికీ బీరువాకి రంగు వేయాలన్నా డ్యూకో కొట్టించు అంటాం. పాత క్లీనర్లు, గ్లేజ్‌లు తయారైంది ఈ రకం పెయింట్ల కోసం.

మీ కారుది ఏదో తెలుసుకోవడానికి తెల్ల బనియన్ గుడ్డ ముక్కకి కొంచెం క్లీనర్ అద్ది, తలుపు కింది అంచున, కనపడని చోట నాలుగుసార్లు రుద్దండి. గుడ్డకి కారు రంగు అంటితే అది పాత రకం పెయింట్, మీ డబ్బాకి తగిన బండి. రంగు అంటకపోతే క్లియర్ కోట్ ఉన్నట్టు. అప్పుడు పాత వాక్స్ రాసుకోవచ్చు గానీ పాత క్లీనర్‌ని దూరంగా పెట్టండి. ఎర్ర కారుకి గుడ్డ గులాబీరంగుకి తిరిగితే కంగారు పడొద్దు, అది పోవాల్సిన చచ్చిన పొరే. తెల్ల కారుకి మాత్రం తెల్ల గుడ్డ మీద ఏమీ కనపడదు, నల్ల గుడ్డ వాడండి.

అంబాసిడర్ ఫెండర్ల గుండ్రటి వంపులు, పద్మిని బానెట్ మడతలు, తలుపుల గీతలు, ఇలాంటి చోట్ల పెయింట్ పల్చగా ఉంటుంది. నలభై ఏళ్లలో ఎన్నిసార్లు రబ్బింగ్ చేశారో మనకి తెలియదు. వాటి మీద మాస్కింగ్ టేప్ వేసి, మిగతాదంతా అయ్యాక టేప్ తీసి చేత్తో మెల్లగా ఒక్కసారి తుడవండి. మిషన్ బఫింగ్ ఈ కార్లకి నేను చేయను, చేయించను.

రాసే పని

పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టండి. మన ఎండల్లో పదింటికే బానెట్ మీద చెయ్యి పెట్టలేం, అంత వేడి రేకు మీద వాక్స్ రాస్తే సాల్వెంట్ క్షణాల్లో ఎగిరిపోయి మరకలా పట్టేస్తుంది. ముసురు రోజుల్లోనూ వద్దు, ఎంతకీ ఆరదు.

కారు షాంపూతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి, బట్టల సబ్బు పొడి వాడకండి. పెయింట్ బాగా సుద్దలా ఉంటే వెంటనే క్లీనర్ పెట్టి రుద్దాలనిపిస్తుంది. ఆగండి. ఎండిపోయిన పెయింట్‌ని పొడిగా రుద్దితే పోవాల్సిన దానికంటే ఎక్కువ రంగు పోతుంది. గ్లేజ్ ఉంటే ముందు దాన్ని ధారాళంగా, చేత్తోనే, మర్దన చేసినట్టు పట్టించి రాత్రంతా వదిలేయండి. నలుగు పెట్టేముందు నూనె ఎందుకు రాస్తామో ఇదీ అందుకే. మర్నాడు తుడిచి చూస్తే సగం రంగు అప్పటికే తిరిగి వచ్చి ఉంటుంది. మెగ్వయర్స్ నంబర్ 7 అనే గ్లేజ్‌కి పాత కార్లవాళ్లలో అంత పేరు వచ్చింది ఈ పద్ధతి వల్లే. నా సీసా విరిగిపోయింది కాబట్టి నేను ఇప్పుడు దొరికే గ్లేజ్ ఒకటి కొని ఈ మెట్టు దాటాను, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఆ తర్వాత క్లీనర్, రెండడుగుల చదరం చొప్పున, గుడ్డని తరచూ తిప్పుకుంటూ. రంగుతో నిండిన గుడ్డ మొహంతో మళ్లీ రుద్దితే చారలు పడతాయి. ఎండిన పొడి దుమ్ము పీల్చకండి, అందులో సిలికా ఉండొచ్చు, మాస్క్ పెట్టుకోండి.

చివరికి వాక్స్. తడిపి గట్టిగా పిండిన స్పాంజితో గానీ మెత్తటి గుడ్డతో గానీ డబ్బా పైన ఒక్కసారి తిప్పి, రాశామో లేదో తెలియనంత పల్చగా పట్టించాలి. పాత గట్టి వాక్స్‌లతో ముఖ్యమైన సంగతి ఇది: కారంతా రాసి తర్వాత తుడుద్దామంటే చేతులు పడిపోతాయి. ఒక చదరం రాయండి, మసకగా ఆరిందా అని వేలితో గీత గీసి చూడండి, గీసినచోట వేలికి ఏమీ అంటకుండా శుభ్రంగా మెరిస్తే తుడిచే వేళ అయినట్టు. ఎక్కడైనా ఆలస్యమై రాయిలా పట్టేస్తే గోళ్లతో గోకకండి, దాని మీదే కొంచెం కొత్త వాక్స్ రాసి వెంటనే తుడవండి, కొత్తదాంట్లోని సాల్వెంట్ పాతదాన్ని కరిగించి లేపేస్తుంది. మొదట తుడవడానికి బనియన్ గుడ్డ, ఆఖరి మెరుపుకి మైక్రోఫైబర్. నాన్న మాత్రం ఎప్పుడూ ఉతికి ఉతికి మెత్తబడ్డ పంచె ముక్కే వాడేవాడు, నేనూ ఆఖరిసారి దాంతోనే తుడిచాను. నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగ్ మీద వాక్స్ పడితే తెల్ల మరక నిలిచిపోతుంది, ముందే టేప్ వేయండి.

కారంతటికీ 14 గ్రాములు పట్టింది. సాయంత్రం ఎండ పక్కనుంచి పడేసరికి బానెట్ మీద మా వేపచెట్టు ఆకులు విడివిడిగా కనిపించాయి. అమ్మ వరండాలోంచి చూసి, "మీ నాన్న తోమినట్టే ఉందిరా" అంది.

పని అయ్యాక గుడ్డల్ని ఉండచుట్టి బకెట్‌లో పడేయొద్దు. సాల్వెంట్ ఉన్నవాటిని ఆరుబయట తీగ మీద విడదీసి ఆరవేయండి. అవిసె నూనె కలిసిన పాలిష్ అయితే గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, నీళ్లలో నానబెట్టి ఆ తర్వాతే పారేయండి.

సిలికోన్ సంగతి

కారుకి త్వరలో పెయింట్ వేయించే ఆలోచన ఉంటే సిలికోన్ ఉన్న పాత పాలిష్ రాయకండి. దాని ఆనవాలు మిగిలినచోట కొత్త పెయింట్ నిలవదు, చేపకళ్లలా గుండ్రటి గుంటలు పడతాయి. లేబుల్ చదవలేకపోతే ఇలా చూడండి: పాత రేకు మూతకి పాలిష్ రాసి శుభ్రంగా తుడిచి, దాని మీద సన్నగా స్ప్రే పెయింట్ కొట్టండి. పెయింట్ చుక్కలు చుక్కలుగా వెనక్కి పోతే సిలికోన్ ఉంది. ఇప్పటికే రాసేసి ఉంటే పెయింటర్‌కి ముందే చెప్పండి, వాక్స్, గ్రీజు తీసే లిక్విడ్‌తో తుడుచుకుని మొదలుపెడతాడు. చెప్పకుండా బండి ఇచ్చి తర్వాత ఆయన్ని తిట్టడం న్యాయం కాదు.

డబ్బా లేనివాళ్లు

వెతకాలని ఉంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో తరాలుగా నడుస్తున్న స్పేర్ పార్ట్స్ షాపుల్లో వెనక అరల సంగతి అడగండి. హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత కూడా తిరగదగ్గవే. కదిపి చూసి, మూత అంచు చూసి, బరువు చూసి కొనండి. విదేశాల నుంచి వచ్చే అన్నయ్యనో బావనో విమానంలో తెమ్మని అడగకండి, మండే సాల్వెంట్ ఉన్న సరుకుని లగేజీలో ఒప్పుకోరు, వాళ్లకి ఎయిర్‌పోర్టులో టెన్షన్.

ఆగిపోయిన సరుకు ఎందుకు ఆగిందో తెలిస్తే దానికి దగ్గరిది వెతుక్కోవచ్చు. చాలావాటిని మార్చింది గాలి కాలుష్యం నియమాలు. కాలిఫోర్నియాలో ఇలాంటి సరుకుల్లోనూ, 1998లో అమెరికా అంతటా చాలా ఇంటి వాడకం సరుకుల్లోనూ ఎగిరిపోయే సాల్వెంట్‌లకి హద్దులు పెట్టారు, దాంతో కొన్ని నీళ్లతో చేసేవిగా మారాయి, కొన్ని ఆగిపోయాయి. అందుకే డబ్బా మీద పేరు అదే ఉన్నా లోపల అదే ఉందనుకోవద్దు. కంపెనీలు ఇచ్చే భద్రతా పత్రం, ఎస్.డి.ఎస్. అంటారు, అది నెట్‌లో దొరుకుతుంది, తెరిచి చూస్తే నాఫ్తా అనే సాల్వెంట్ ఎంత శాతం, కేయోలిన్ (చైనా మట్టి) ఉందా లేదా తెలిసిపోతుంది. పాత పద్ధతి వాక్స్ ఇప్పటికీ చేస్తున్నవాళ్లు ఉన్నారు. కాలినైట్ కంపెనీవి చూడండి: 476ఎస్ గట్టి పేస్ట్, 845 ద్రవం. ఆ 845 చలిదేశాల్లో సీసాలో గడ్డకట్టిందని వేడినీళ్లలో పెట్టుకుంటారు, మన ఊళ్లో ఆ అవస్థ లేదు.

మిగిలిన డబ్బాని దాచడం

ముద్ద పైన తాకేలా అల్యూమినియం ఫాయిల్ గుండ్రంగా కత్తిరించి పరవండి, మూత బిగించి అంచు చుట్టూ ఇన్సులేషన్ టేప్ రెండు చుట్లు వేయండి. వంటింట్లో వద్దు, అటక మీదా వద్దు, వేడికి మళ్లీ ఎండిపోతుంది. కింది అరలో చల్లగా ఉండే చోట పెట్టండి. మూత మీద మార్కర్‌తో తారీఖు, లోపలి సరుకు బరువు రాయండి. నాది 128 గ్రాములకి టర్పెంటైన్ 62 గ్రాములు (ఆ 80 మి.లీ. బరువు) కలిసి 190, కారుకి పోను 176 గ్రాములు. టేప్ వేశాక డబ్బాతో సహా తూచి ఆ అంకె కూడా పక్కన రాశాను, ఇక మూత తీయకుండానే చూసుకోవచ్చు. సంక్రాంతికి మళ్లీ తూస్తాను, ఐదు గ్రాములకి మించి తగ్గితే టేప్ మార్చాలి.